ఈనె ఎండేదాకా

కింద ఎరువులూ పురుగుమందుల కొట్టు,
పైన మా సంస్థ.
టంగుటూరులో ఇద్దరికీ ఒకటే మెట్లు.
మొదటిరోజు ఆ మాట నేను నవ్వుతూ అంటే
వెంగమాంబ మేడం నవ్వలేదు.
"అందుకేనమ్మే ఇక్కడ అద్దెకు తీసుకుంది" అంది,
"కొట్టుకొచ్చినోళ్లు పొరపాటునన్నా నాలుగు మెట్లు ఎక్కువ ఎక్కుతారని."

ఒంగోలులో ఏడున్నర పల్లెవెలుగు.
బ్యాగులో టిఫిను డబ్బా, కాలేజీ లాగ్‌బుక్కు.
ఏడాది తిరిగేసరికి ఎనిమిది వందల గంటలు నిండాలి,
గడికో గంట, పక్కన సంతకం.

నా ప్రశ్నల కాగితం ఇంగ్లీషులోంచి తెలుగులోకి దిగి
ఇంకా కాళ్లు కుదురుకోలేదు.
"గత రెండు వారాల్లో ఎన్ని రోజులు
మీకు నిస్పృహగా అనిపించింది?"
జయవరం పెద్దామె నా నోటివంక చూసింది.
"నిస్పృహా? ఎవురమ్మా ఆమె?"
తర్వాత తనే చెప్పింది,
పేగులు ఎవరో పిండి ఆరేసినట్టుందని,
కూరలో ఉప్పు తెలియట్లేదని,
గేదె ఈనినా దగ్గరికి పోబుద్ధి కాలేదని.
"దాదాపు ప్రతిరోజూ" దగ్గర టిక్కు పెట్టాను.

మస్తానమ్మ ఇరవైమూడేళ్లు కంపెనీలో
పొగాకు గ్రేడింగు చేసింది.
ఇప్పుడు మా దగ్గర ఊడుస్తుంది, టీ పెడుతుంది,
వచ్చినవాళ్ల పక్కన కూచుంటుంది.
ఆకును కంటితో కాదంట,
బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి చెప్పేదంట
ఏది మాడిందో, ఏది లోపల ఇంకా పచ్చిగా ఉందో.
మనుషుల చెయ్యి కూడా అట్లానే పట్టుకుంటుంది.
హద్దుల గురించి మా పుస్తకంలో ఒక అధ్యాయం ఉంది.
ఆమెకు చెప్పబోయి
టీ తాగి ఊరుకున్నాను.

మాలకొండయ్య ఆగస్టులో వచ్చాడు.
ఒక ఏడు వేలంలో బేళ్లు వరసబెట్టి నో బిడ్ అయ్యాయి,
బ్యారన్ అమ్మేశాడు.
కొన్నాయన పడగొట్టి ఇటుకలు తోలుకుపోయాడు.
అయిదేళ్లయింది. అయినా రాత్రి రెండింటికి లేస్తాడు,
ఆ ఖాళీ జాగాకు ఎదురుగా గోనెపట్టా వేసుకుని కూచుంటాడు,
మంట తగ్గిందేమో, డిగ్రీ పెరిగిందేమోనని.
"భ్రాంతి" అని రాసి ప్రశ్నార్థకం పెట్టాను.
నోటుబుక్కును తలకిందులుగా చదివాడు.
"కాదు పాపా.
బ్యారన్ లేదని నాకు తెలుసు.
నిద్రకే తెలీదు."

నిద్ర గురించి నేర్చుకున్నదంతా అప్పజెప్పాను.
టీ తగ్గించండి, ఫోను దూరంగా పెట్టండి,
మంచాన్ని పడుకోవడానికే వాడండి.
మర్యాదగా తలూపాడు.
గ్లాసులు తీసుకుపోతూ మస్తానమ్మ అడిగింది,
"ఇప్పుడెంత మీదుంది?"
"నూట నలభై."
"ఇంకా ఈనె ఎండలా."
"ఎండలా."
ఇద్దరూ కిటికీలోంచి హైవే వైపు చూశారు.
అంతకన్నా ఏం జరగలేదు.
ఆ గంటను ఏ గడిలో రాయమంటారని మేడంను అడిగితే
"ఇతరములు" అంది.

డిసెంబరులో ఒకామె
కింది కొట్టు దగ్గరే ఆగిపోయింది.
పేరు రాయను.
మందుడబ్బాలకు తాళంపెట్టెలు పంచడానికి
ఆ వారమే ఆ ఊరెళ్లాం.
ఆమె కొడుకు అందరికంటే ముందొచ్చి నిలబడ్డాడు,
పెట్టె తీసుకున్నాడు,
తాళంచెవి ఇంట్లో ఎవరి దగ్గర ఉంచాలని అడిగాడు.
నేను మేడం వైపు చూశాను.
మేడం చెట్లవైపు చూస్తోంది.
లాగ్‌బుక్కులో ఆ రోజుకు నాలుగు గంటలున్నాయి.

ఫిబ్రవరిలో బస్సు కిటికీ నిండా
కొండపి వైపునుంచి ఆకు కాలే వాసన.
మేలో మాలకొండయ్య మెట్లమీదే ఎదురై,
పైకి రాకుండానే,
"నూట యాభై అయిదు" అన్నాడు.
నా ఏడాదికి వచ్చిన ఫలితం అది.
నివేదికలో పెట్టలేదు.

గంటలు నిండాయి. కాలేజీ స్టాంపు వేసింది.
నిన్న రాత్రి రెండింటికి మెలకువొచ్చింది.
ఒంగోలులో, హాస్టలు గదిలో, ఫ్యాను కింద.
ఫోను దూరంగానే పెట్టాను, లేచి వెళ్లి తీశాను.
ముప్ఫై ఒకటి అని చూపిస్తోంది.
చాలాసేపు చూస్తూ నిలబడ్డాను,
ఎవరో ఒకరు చూస్తూ ఉండాలన్నట్టు.